రెండో తూకం

ఇస్నాపూర్‌లో కిరాయి గదుల వరుస వెనక, నల్లా దగ్గర, నోట్లో బ్రష్షు పెట్టుకుని తోమడం మర్చిపోయి నిలబడ్డాడు బాలరాజ్. వెనక బకెట్లు పట్టుకున్నవాళ్ళు సణుగుతున్నారు. అతనికి నల్లా కనిపించడం లేదు. బొల్లారంలోని మందుల ఫ్యాక్టరీ గేటు కనిపిస్తోంది. గేటు లోపల లారీలను తూచే కాంట, ఆ ఇనుప పలకల మధ్య బూట్లేసుకుని నిలబడ్డ తన యజమాని అనిల్, చుట్టూ చేరి పడీపడీ నవ్వుతున్న లారీ డ్రైవర్లు కనిపిస్తున్నారు. ఇది ఇంకా జరగలేదు. దీపావళి ముందు నుంచి రోజూ పొద్దున్నే బాలరాజ్ ఈ బొమ్మను బయటికి తీసి తుడిచి లోపల పెట్టుకుంటున్నాడు. తుడవగా తుడవగా అదిప్పుడు ఇత్తడి చెంబులా తళతళలాడుతోంది.

ఇవాళ పని సరిగ్గా కుదిరితే రేపు పొద్దున అది జరుగుతుంది.

"ఏమయ్యా, నల్లా నీ ఒక్కనిదేనా?" గది గుమ్మంలోంచి అరిచింది వనజ.

బాలరాజ్ నోరు పుక్కిలించి పక్కకు జరిగాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. సన్నటి మెడ, ఆ మెడ మీద కాస్త పెద్దదనిపించే తల. రోజంతా కంప్యూటరు ముందు వంగి వంగి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్‌డ్రైవులు, దువ్వెన. వీధిలో ఎదురైతే ఎవరూ గుర్తుపట్టరు. గుర్తుపట్టనివాళ్ళను మాత్రం అతను గుర్తుపెట్టుకుంటాడు. జోగిపేట బడిలో తనను వెనక బెంచీకి తోసిన సారు, పెళ్ళిలో తనకు మాంసం వడ్డించకుండా దాటిపోయిన బావమరిది, కరెంటు మీటరు విషయంలో దొంగ అన్న పాత ఇంటి ఓనరు, అందరూ అతని కడుపులో భద్రంగా ఉన్నారు. బాలరాజ్ జీవితంలో ఎవరికీ ఏ అపకారమూ చెయ్యలేదు. చెయ్యాలని అనుకోనిది ఎవరికని అడిగితే మాత్రం కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

"డబ్బా కట్టిన. సాయంత్రం యాదికుంచుకొని తే. ఇంట్ల డబ్బాలన్నీ నీ ఆఫీసుల్నే పడ్డయి," అంది వనజ, తల దువ్వుకుంటూ. ఆమె బొల్లారంలో ఇంకో మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. కంపెనీ బస్సు వచ్చే వేళయింది.

"తెస్త."

"గోళీ మింగినవా?"

"మింగిన."

మింగలేదు. కొన్నాళ్ళుగా ఛాతీ కింద మంట పుడుతోంది. అప్పుడప్పుడు ఎడమ చేతిలోకి పాకుతోంది. గ్యాసు అని మందుల షాపువాడు అన్నాడు. అది గ్యాసు కాదని, అనిల్ అని బాలరాజ్ నమ్మకం. రేపటితో తగ్గుతుంది. తగ్గేదానికి గోళీ ఎందుకని సీసాలోనే ఉంచాడు.

పటాన్‌చెరులో టైర్ల దుకాణం పైన ఉంది అనిల్ ఆఫీసు. ఫ్యాక్టరీలలో లారీల తూకం చూపించే ప్రోగ్రాములు అక్కడ తయారవుతాయి. లారీ లోపలికి వచ్చేటప్పుడు ఒక తూకం, బయటికి పోయేటప్పుడు ఇంకో తూకం. రెండింటికీ తేడా ఎంతో అంత సరుకు. ప్రోగ్రాము రాసేది వేరే పిల్లలు. దాన్ని ఒక్క ఫైలులో మూటగట్టి, ఎవరి కంప్యూటర్లో డబుల్ క్లిక్ కొట్టినా దానంతటదే విప్పుకుని కూర్చునేలా చేసేది బాలరాజ్. అందుకే ఆఫీసులో అతను ప్యాకింగ్ బాలరాజ్. ఇంట్లో ఇద్దరూ ప్యాకింగే. "నేను మందులు డబ్బల పెడ్త. నువ్వేం పెడ్తవయ్యా?" అని వనజ ఇప్పటికీ అడుగుతుంది.

ఆ మూటే దీపావళి ముందు బొల్లారంలో విప్పుకోలేదు. పాతది తీసేసి కొత్తది ఎక్కించాక ప్రోగ్రాము తెరుచుకోనంది, ఏదో ఫైలు లేదని తెర మీద చిన్న డబ్బా చూపించి మూసుకుపోయింది. కాంట ఆగింది. లారీలు గేటు దాటి రోడ్డు మీది దాకా వరుస కట్టాయి. ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్లో తిట్టిన తిట్లకు అనిల్ కారేసుకుని పరుగెత్తుకొచ్చాడు. బాలరాజ్ చెమటలు కక్కుతూ పాత ప్రోగ్రామునే మళ్ళీ ఎక్కించాడు. అది తెరుచుకుంది. కానీ మేనేజరు కోపం ఇంకా మూతపడలేదు. ఆ కోపాన్ని నవ్వులోకి మళ్ళించకపోతే ఫ్యాక్టరీ చెయ్యి జారిపోతుందని అనిల్‌కు అర్థమైంది. వ్యాపారం తెలిసినవాడు.

"బాలరాజన్నా, జెర కాంట ఎక్కు. పనిచేస్తుందో లేదో సూద్దాం," అన్నాడు.

బాలరాజ్ నిజంగానే పరీక్ష అనుకున్నాడు. చెప్పులు విడిచి మరీ ఎక్కాడు. డ్రైవర్లు, క్లీనర్లు, వాచ్‌మన్, మేనేజరు అందరూ గోడ మీది పెద్ద తెర వైపు చూశారు. తెర మీద సున్నా. అతను ఇంకాస్త మధ్యకు జరిగాడు. సున్నా.

"సూసిన్రా సార్? కాంట గూడ లెక్కజేస్తలేదు మావోన్ని!"

మేనేజరు నవ్వాడు. మేనేజరు నవ్వాక అందరూ నవ్వారు. కోపం దిగింది, ఫ్యాక్టరీ చేతిలోనే ఉండిపోయింది. తిరుగుదారిలో కార్లో అనిల్ అతని తొడ మీద తట్టి, "ఫీల్ గాకు. కస్టమర్ నవ్వాలె గదా," అన్నాడు. తనను అన్నా అని పిలవడం కూడా ఆ రోజుతోనే సరి. తర్వాత నుంచి ఉత్త బాలరాజ్.

సున్నా ఎందుకొచ్చిందో బాలరాజ్‌కు ఎక్కిన క్షణమే తెలుసు. వంద కిలోల లోపు ఏది ఎక్కినా సున్నాగా చూపించమని సెట్టింగు ఫైలులో ఉంది. కాంట మీద కుక్కలు పడుకుంటాయి, వాచ్‌మన్లు అడ్డం నడుస్తారు, ప్రతిదానికీ అంకె కదిలితే ఆపరేటర్లకు పరేషాన్. ఆ గీత గీసింది బాలరాజే. కుక్కల కోసం తవ్విన గుంటలో తనే పడ్డాడు. అది కూడా అనిల్ ఖాతాలోకే వేశాడు.

ఇవాళ ఆ ఫ్యాక్టరీకే కొత్త మూట పోవాలి. బాలరాజ్ ఆఫీసు మెట్లెక్కి, తన కంప్యూటరు తెరవకుండా మూలనున్న ఉత్త మిషన్ ముందు కూర్చున్నాడు. ఆ కంప్యూటర్లో విండోస్ తప్ప ఇంకేదీ ఉండకూడదు. ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఏమేం ఉండవో దీంట్లో కూడా అవి ఉండవు కాబట్టి, మూట ఇక్కడ విప్పుకుంటే ఎక్కడైనా విప్పుకుంటుందని లెక్క. ముట్టుకోవద్దని దాని నుదుట కాగితం అంటించింది కూడా అతనే. పోయినసారి మూట ఇక్కడ శుభ్రంగా విప్పుకుంది. బొల్లారంలో విప్పుకోలేదు. అంగట్లో అన్నీ ఉండి అల్లుడి నోట్లో శని ఎందుకుందో తేలకపోతే, రేపు కాంట ఎక్కేది అనిల్ కాదు, మళ్ళీ తనే.

మూట విప్పాడు. విప్పుకుంది. తీసేశాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ నిక్షేపంలా విప్పుకుంది. ఇంత మంచితనం చూసి అతనికి అనుమానం వచ్చింది. ఉత్త మిషన్లో ఏమేం ప్రోగ్రాములున్నాయో జాబితా తెరిచాడు. ఒక్కటీ ఉండకూడని చోట ఒకటుంది. పాటలు వినే ప్లేయరు. ఎక్కించింది దసరా రోజు.

ప్లేయరు ఒంటరిగా రాదు. దాని వెంట కొన్ని సహాయ ఫైళ్ళు వచ్చి విండోస్ కడుపులో కూర్చుంటాయి. తూకం ప్రోగ్రాముకు కావాల్సినవీ అవే. మూటలో లేని ఫైళ్ళను ఉత్త మిషన్ తన దగ్గరున్న అప్పు సొమ్ముతో సర్దేసింది. బొల్లారం కంప్యూటర్లో పాటలూ లేవు, ఫైళ్ళూ లేవు.

ఎవడు ఎక్కించాడో పట్టుకోవాలని బాలరాజ్ పళ్ళు కొరికాడు. ఆయుధ పూజ గుర్తు చేసుకున్నాడు. కంప్యూటర్లన్నిటికీ పసుపు బొట్లు, కుంకుమ, బంతిపూలు. గుమ్మంలో గుమ్మడికాయ. అనిల్ పట్టుపంచె కట్టుకుని, "అన్నా, స్పీకర్ ఆ మూల మిషన్ పక్కకే ఉన్నది. దాంట్లె దేవుని పాటలు పెట్టరాదు?" అన్నాడు. పెట్టింది ఎవరు? బాలరాజే. తన చేత్తో ప్లేయరు దింపి, ఎక్కించి, పాట పెట్టి, కొబ్బరి ముక్క తిన్నాడు. కాగితం అంటించిన చెయ్యి, కాగితాన్ని పక్కకు జరిపిన చెయ్యి ఒకటే. పండగ పూట అది మిషన్ అనిపించలేదు, దేవుడి ముందు పెట్టిన వస్తువు అనిపించింది.

తన మీద తనకు కోపం రావాల్సిన చోటు ఇది. రాలేదు. పాటలు పెట్టమన్నది ఎవడు? అనిల్ మీద కోపమే ఇంకో పాలు పెరిగింది.

ఉత్త మిషన్‌ను మొత్తం తుడిచి, విండోస్ మళ్ళీ వేసే సరికి మధ్యాహ్నమైంది. ఇప్పుడు మూట విప్పితే, ఫైలు లేదంటూ బొల్లారంలో కనిపించిన డబ్బానే తెర మీదికొచ్చింది. దాన్ని చూసి బాలరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. తప్పు ముఖం చూపించాక ఇక తప్పించుకోలేదు. సహాయ ఫైళ్ళను మూటలో పెట్టి, అవి ముందు కూర్చున్నాకే ప్రోగ్రాము కూర్చునేలా వరుస మార్చాడు. విప్పాడు. తెరుచుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత శ్రద్ధగా, అంత ప్రేమగా అతను ఏ మూటా కట్టలేదు. వాడి పరువు తీయాలన్న కసి చేయించిన పని అది. అన్నం తినడం కూడా మర్చిపోయాడు.

చివరగా సెట్టింగు ఫైలు తెరిచి, వంద చెరిపేసి సున్నా పెట్టాడు. ఇక కాంట ఎక్కిన ప్రతిదానికీ అంకె చూపించాల్సిందే.

మిగతా పనిని ఫ్యాక్టరీయే చేసి పెట్టింది. ఒక లారీ రాత్రంతా లోపలే ఉండిపోయి డ్రమ్ములు మాయమయ్యాయని గొడవైంది కాబట్టి, మేనేజరు రెండు షరతులు పెట్టాడు. ఒకసారి తీసిన మొదటి తూకాన్ని ఎవరూ, ఏ పాస్‌వర్డుతోనూ చెరపకూడదు. రెండో తూకం కాకుండా లోపల ఏ బండి మిగిలినా మర్నాటి పని తెరుచుకోకూడదు. అనిల్ ఒక్క మాటలో ఒప్పేసుకున్నాడు. అంటే సాయంత్రం కాంట మీద బాలరాజ్ అనే బండి ఒకటి ఎక్కి దిగితే చాలు. పొద్దున కాంట తెరుచుకోదు. అక్కడి కాంట ఆపరేటరు అంజన్న ఫోను చేస్తే బాలరాజ్ ఫోను మోగదు. లారీలు రోడ్డెక్కుతాయి, మేనేజరు తిడతాడు, అనిల్ వస్తాడు. ఎవరో ఒకరు కాంట ఎక్కి రెండో తూకం ఇవ్వాలి. మీవాడు చేసిన నిర్వాకానికి నువ్వే ఎక్కు అని మేనేజరు అనకపోతే అప్పుడు చూద్దాం. గేటు ఎదుటి చాయ్ బండి దగ్గర కూర్చుని ఆ ముచ్చట కళ్ళారా చూడాలి.

"అయిందా బాలరాజ్?" అనిల్ తన గదిలోంచి తల బయటపెట్టాడు. మంచి చొక్కా, మంచి వాసన. "ఈసారన్న నా ఇజ్జత్ దియ్యకు."

"ఇజ్జత్ సంగతి నేను జూసుకుంట సార్. మీరు పరేషాన్ గాకుండ్రి."

అనిల్ తృప్తిగా తల లోపలికి తీసుకున్నాడు.

బొల్లారం షేర్ ఆటోలో అంచున కూర్చున్నాడు, ఒళ్ళో టిఫిన్ డబ్బా, జేబులోని పెన్‌డ్రైవులో మూట. చలికాలం పొగ నేలను పట్టుకుని పాకుతోంది, గొంతులో గరగర. ఛాతీలో మంట భుజం దాకా వచ్చి ఆగింది. ఇంకొక్క పూట ఓపిక పట్టమని దానికి చెప్పాడు.

కాంట గదిలో ఆపరేటరు అంజన్న కుర్చీ ఖాళీ చేసి ఇచ్చాడు. బాలరాజ్ వయసువాడే. దీపావళి రోజు కిటికీలోంచి అంతా చూసినవాడు. నవ్వాడో లేదో బాలరాజ్‌కు తెలియదు. అందుకని అతన్ని కూడా కడుపులో ఒక మూలన ఉంచాడు.

పాతది తీసేశాడు. కొత్తది ఎక్కించాడు. తెరుచుకుంది. ఇసుక లారీ ఒకటి వస్తే తూచి చూశాడు, అంకె సరిగ్గా వచ్చింది.

"జెర నేనొకసారి ఎక్కి సూస్త," అని బయటికి వెళ్ళాడు. చెప్పులు విడిచి, ఇనుప పలకల మధ్య నిలబడి గోడ మీదికి చూశాడు.

సున్నా.

గదిలోకి వచ్చి సెట్టింగు ఫైలు తెరిచాడు. తను పెట్టిన సున్నా అక్కడే ఉంది, వంద లేదు. మూసి తెరిచాడు. మళ్ళీ వెళ్ళి ఎక్కాడు. మళ్ళీ ఏమీ లేదు. లారీవాడు హారను కొట్టి నవ్వాడు. ఆ నవ్వు దీపావళి నవ్వే అనిపించి బాలరాజ్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చచ్చినా దీన్ని వదలనని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

అంజన్న చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. "అన్నా, ఆ దినం ఈ మీటర్ల నీ బరువు అరవై సూపెట్టింది," అన్నాడు, బల్ల మీద కాంట తీగలు వచ్చి కలిసే చిన్న పెట్టెను చూపిస్తూ. "తెర మీదికే రాలే. జెప్దామనుకున్న గని, అంతమందిల ఎట్ల జెప్త?"

బాలరాజ్ తలెత్తి అంజన్న ముఖం చూశాడు. అతన్ని కడుపులోంచి తీసేయాలా వద్దా అని ఆలోచించాడు. అంతలోనే ఇంకొకటి తట్టింది. మీటరు కొత్త అంకె పంపుతున్నా తెర పాత మాటే వింటోందంటే, పాత మాట ఇంకా ఎక్కడో ఉండాలి. వెతికాడు. అంజన్న పేరుతో ఉన్న ఫోల్డరులో, ఎవరూ చూడని అర కింద, పాత సెట్టింగు ఫైలు దొరికింది. పాత ప్రోగ్రామును తీసేసినా అది పోలేదు. కొత్తది వచ్చి ముందు దాన్నే చదువుతోంది. వంద కిలోలు. బాలరాజ్ దాన్ని చెరిపేశాడు. చెత్తబుట్టలోంచి కూడా చెరిపేశాడు.

ఈసారి కాంట మీద గోడవైపు చూడడానికి భయపడి ముందు పాదాల వైపు చూసుకున్నాడు. తర్వాత చూశాడు. పెద్ద తెర మీద, ఎర్రగా, అరవై.

కావాల్సిన దానికంటే ఎక్కువసేపే నిలబడ్డాడు. పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు. వనజకు ఈ మాట చెప్పకూడదు.

గదిలోకి వచ్చి, బండి నంబరు రాసే చోట తన పేరు కొట్టాడు.

"అంజన్నా, నేను మల్ల ఎక్కుత. నిలవడ్డంక మొదటి తూకం బటన్ నొక్కు."

"బండి నంబర్ల నీ పేరేందన్నా?"

"టెస్టింగ్. నొక్కు."

అంజన్న నొక్కాడు. ప్రింటరు కిర్రుమని చిట్టీ కక్కింది. అంజన్న దాన్ని చదివి, బాలరాజ్‌ను చూసి, "మరి రెండోది?" అన్నాడు.

"రేపు." బాలరాజ్ నవ్వాడు. అతను నవ్వగా అంజన్న ఎన్నడూ చూడలేదు. పై పళ్ళలో ఒకటి లేదు.

టిఫిన్ డబ్బాను కాలితో బల్ల కిందికి, గోడవారకు జరిపాడు. రేపు పొద్దున ఇటువైపు ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే, డబ్బా మర్చిపోయిన అని చెప్పొచ్చు. వనజ తిడుతుంది. తిట్టనీ.

షేర్ ఆటోలో మళ్ళీ అంచునే చోటు దొరికింది. ఫోను ఆపేసి జేబులో వేసుకున్నాడు. పక్కనున్న ఒడియా కుర్రాడి భుజం మీదికి తల వాలితే ఆ కుర్రాడు నిద్రనుకుని సర్దుకుని కూర్చున్నాడు. పటాన్‌చెరు దాటింది. ఇస్నాపూర్ చౌరస్తాలో అందరూ దిగారు. బాలరాజ్ దిగలేదు.

మర్నాడు పొద్దున కిరాయి గదుల వరుస ముందు కుర్చీలు వేశారు. అనిల్ బంతిపూల దండ తెచ్చి శవం మీద వేసి, వనజ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నిన్న గూడ మంచిగనే ఉండె," అంటూ అతను నిజంగానే కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు ఫోను మోగింది. బొల్లారం మేనేజరు. కాంట తెరుచుకోవడం లేదు. లోపల ఒక బండి ఉందంటోంది. బండి పేరు విన్నాక అనిల్ ఫోను చెవికి పెట్టుకునే గదుల వెనక్కి నడిచాడు.

అతను బొల్లారం వచ్చే సరికి లారీల వరుస రోడ్డెక్కింది. చెరపడానికి లేదు, అది మేనేజరు షరతే. ఎవరైనా ఎక్కితే చాలని అనిల్ వాచ్‌మన్‌ను పిలిచాడు.

"సచ్చినోని పేరు మీద నేనెట్ల ఎక్కుత సార్? పిల్లలున్నోన్ని."

లారీ ఎక్కించమంటే డ్రైవర్లు తలలు అడ్డంగా ఊపారు. అటువంటి చిట్టీ మీద తూగిన బండి ఇల్లు చేరుతుందా? డ్రమ్ము ఒకటి దొర్లించి పెడదామన్నాడు అనిల్. డ్రమ్ము గోదాము దాటాలంటే గేట్‌పాసు కావాలి, గేట్‌పాసు కావాలంటే కాంటలో కొత్త రోజు తెరుచుకోవాలి. మేనేజరు తిట్టడం మానేసి గడియారం చూసుకుంటున్నాడు. అనిల్ చావింటి నుంచి స్నానం చెయ్యకుండా వచ్చాడని తెలిసి జనం అతనికి ఎడంగా జరిగారు. చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో కాంట, అతను మిగిలారు.

అనిల్ బూట్లతోనే ఎక్కాడు. ఒక బూటుకు బంతి రేక అంటుకుని ఉంది. పలకల మధ్యకు వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి, మళ్ళీ తీసేశాడు. డ్రైవర్లు, క్లీనర్లు, వాచ్‌మన్, మేనేజరు, అందరూ అతన్నీ తెరనూ చూస్తున్నారు. బాలరాజ్ రోజూ తుడిచి పెట్టుకున్న బొమ్మలో ఉన్నదంతా ఉంది. నవ్వు ఒక్కటే లేదు. ఎదుటి చాయ్ బండి దగ్గర బల్ల ఖాళీగా ఉంది.

"సార్, కదలకుండ్రి," అన్నాడు అంజన్న కిటికీలోంచి. అతని గొంతులో మర్యాద తక్కువేమీ లేదు. కావాలనే కాసేపు ఆగి బటన్ నొక్కాడు.

అంకె పడింది, చిట్టీ వచ్చింది. దాని మీద బాలరాజ్ పేరు, లోపలికి అరవై, బయటికి ఎనభై. అంజన్న దాన్ని చించి కిటికీలోంచి చాపాడు. అనిల్ దిగి వచ్చి, చదివి, మడిచి, ఎక్కడ పారేయాలో తెలియక చేతిలోనే పట్టుకుని కారు దగ్గరికి నడిచాడు. మొదటి లారీ కాంట ఎక్కింది.

లారీలు తగ్గాక అంజన్న కాళ్ళు చాపుకున్నాడు. బల్ల కింద ఏదో ఇనుము తగిలింది. వంగి చూశాడు. గోడవారన స్టీలు డబ్బా ఉంది, నిన్నటి అన్నంతో, మూత గట్టిగా బిగించి, మర్చిపోయినట్టే.